పేరుకున్న నెయ్యి

ఆ రోజు ఇంట్లో నలుగురం ఉన్నాం: మా పెద్దబాపు రాజనర్సు, పెద్దవ్వ కిష్టవ్వ, నేను, వెనక గదిలో కిరాయికి ఉండే మైమూనాబీ. మైమూనాబీ మేకపిల్లను కూడా కలుపుకుంటే ఐదుగురం. చలికి అది మా పొయ్యి పక్కనే పడుకునేది.

నేను లేచేసరికి పెద్దబాపు వాకిట్లో గొంతుకూర్చుని నాలుక గీసుకుంటున్నాడు. పళ్లు తోముకోవడానికి ఆయనకు ఎంతోసేపు పట్టదు. నాలుకకే చాలాసేపు. వేపపుల్లను రెండుగా చీల్చి, ఆ బద్దను రెండు చేతులతో వంచి పట్టుకుని, గొంతు దగ్గర నుంచి కొస దాకా మెల్లగా లాగుతాడు. తర్వాత గోరువెచ్చని ఉప్పునీళ్లతో మూడుసార్లు పుక్కిలిస్తాడు. ఆ పైన మధ్యాహ్నం దాకా చాయ తాగడు, తమలపాకు ముట్టడు. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, పొగాకు మానేసి ఇరవై ఏడేళ్లయింది.

"గట్ల గీకితె నాలుక అరిగిపోతది, రాజనర్సు భాయ్," అంది మైమూనాబీ, మేకకు ఆకు వేస్తూ. "అరిగినంక సేటు నిన్ను పాత చెప్పు లెక్క ఇసిరేస్తడు."

"అరిగితె నీ మేకది అతికించుకుంట బీ. అది గూడ కనవడ్డదల్ల రుచి సూస్తది గద."

ఆయన రాజమల్లయ్య సేటు నేతి అంగడిలో రుచి చూసే మనిషి. చేర్యాల నుంచి, గజ్వేల్ నుంచి, మా నంగునూరు నుంచి గొల్లలు, కాపులు కుండలతో నెయ్యి తెస్తారు. ఏ కుండలో ఉన్నది మంచిది, ఏది పాతది, దేంట్లో పల్లినూనె కలిసింది అన్నది చెప్పేది పెద్దబాపు నాలుకే. ఆయన తల ఊపితే కుండ లోపలికి పోతుంది. ఊపకపోతే బండి ఎక్కి తిరిగి ఊరికి పోతుంది. పొట్టి మనిషి. ఒకప్పుడు మెడ, భుజాలు దిట్టంగా ఉండేవట. నేను వచ్చేనాటికే చొక్కా వదులైంది. చేతుల మీద చర్మం ఎప్పుడూ నునుపుగా మెరిసేది. రెండు కళ్ల లోపలి కొసల దగ్గర, రెప్పల మీద, పసుపుపచ్చని చిన్న మచ్చలు ఉబ్బెత్తుగా ఉండేవి. నేతి చుక్కలు పడి ఆరినట్టు కనిపించేవి. తాగిన నెయ్యి నిండి కండ్లలోకి వచ్చిందని బజారులో అందరూ నవ్వేవాళ్లు, ఆయన కూడా నవ్వేవాడు.

ఆ మచ్చలను చూసి నవ్వనిది ఒక్క డాక్టరే.

దసరా తర్వాత పెద్దబాపు బజారుకు పోయే ఎత్తుదారిలో, ఆ ఎక్కుడు ఎక్కుతూ రొమ్ము పట్టుకుని కూర్చుండిపోయాడు. గాలి పట్టిందని పెద్దవ్వ వాము నూరి పోసింది. మళ్లీ రెండుసార్లు అట్లాగే అయ్యాక సర్కారు దవాఖానకు పోయాడు. ఊరి బడిలో నాలుగు తరగతులు చదివానని నన్ను వెంట తీసుకుపోయాడు, ఏదైనా కాగితం ఇస్తే చదవాలని. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. పట్నం నుంచి కొత్తగా వచ్చిన ఆ డాక్టరు వయసులో చిన్నవాడు. పెద్దబాపు రెప్పల మీది మచ్చలను బొటనవేలితో నెమ్మదిగా తడిమి చూశాడు.

"ఎన్నేండ్ల నుంచి తింటున్నవు నెయ్యి?"

"తినుడు గాదు సాబ్. రుచి సూసుడు. సూసినంక మింగుత."

"దినానికి ఎన్ని కుండలు?"

"ముప్పై. వారం అంగడినాడు అరవై దాటుతయి."

డాక్టరు ఒక కాగితం మీద గీత గీసి చూపించాడు. గుండెకు నెత్తురు తీసుకుపోయే గొట్టాలు గడ్డిపరకంత సన్నగా ఉంటాయని, వాటి గోడలకు లోపల కొవ్వు పేరుకుంటుందని, చలికాలం కుండలో నెయ్యి పేరుకున్నట్టేనని చెప్పాడు. దారి సన్నబడితే ఎక్కుడు ఎక్కినప్పుడు గుండెకు చాలినంత నెత్తురు అందదు, నొప్పి అప్పుడే వస్తుంది. "ఈ మాట డాక్టర్లందరు ఒప్పుకోరు," అన్నాడు మళ్లీ తనే. "గని పరదేశంల కుందేళ్లకు కొవ్వు తినవెట్టి సూసిన్రు. వాటి గొట్టాలు మూసుకపోయినయి. నేను సదివిన. నాకైతె నిజమే అనిపిస్తది."

"కుందేలు గడ్డి తినేది గద సాబ్. దానికి కొవ్వు పెడితె సావకేం జేస్తది?"

డాక్టరు నవ్వాడు. "నువ్వు గూడ కుందేలే అనుకో. నెయ్యి, వెన్న, కొవ్వుకూర బంద్. అంగట్ల రుచి సూసినంక ఉమ్మెయ్. మింగకు."

నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని చిన్న బిళ్లలు ఇచ్చాడు. నాలుక మండుతదా అని పెద్దబాపు అడిగాడు. కొంచెం మండుతుందని డాక్టరు చెప్పాడు. పెద్దబాపు బిళ్లలను రుమాలు కొసకు ముడి వేసుకున్నాడు. ఆ ముడి విప్పగా నేను చూడలేదు. నాలుక మండితే ఆ పూటకు పని పోయినట్టే కదా.

ఆ రోజు నుంచి ఆయన అంగట్లో బూడిద పోసిన మూకుడు పక్కన పెట్టుకుని ఉమ్మడం మొదలుపెట్టాడు. బజారు ఎక్కుడు మూడుచోట్ల ఆగి ఎక్కేవాడు. గాజుల దుకాణం దగ్గర, కమ్మరి కొలిమి దగ్గర, మలుపు తిరిగాక సున్నం అమ్మే ముసలమ్మ దగ్గర. ఆగినప్పుడల్లా ఎవరినో ఒకరిని పలకరించేవాడు. రాజనర్సు ఈ మధ్య ఎంత కలుపుగోలు మనిషయ్యాడు అని అందరూ అనుకున్నారు. రెండుమూడుసార్లు వెనక నడిచాను కాబట్టి నాకు తెలుసు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఎడమచేయి చొక్కా లోపల ఉండేది.

పెద్దవ్వ డాక్టరు మాట నమ్మలేదు.

ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. రెండోవాడు మూడేళ్లు బతికాడట. కరువేడు వచ్చి బర్రెను అమ్ముకున్నాక ఎండుకుపోయి చనిపోయాడు. పాలు, నెయ్యి లేకనే వాడు పోయాడని పెద్దవ్వ గట్టిగా అనేది. నన్ను నంగునూరు నుంచి తెచ్చుకున్నది కూడా పిల్లలు లేని ఇల్లు చిన్నబోతుందనే. నేను రాగానే మొదట చేసిన పని నా కంచంలో నెయ్యి వెయ్యడం. ఎవరికైనా జరం వచ్చినా, దెబ్బ తగిలినా, కడుపు కాలినా ఆమె చేతికి ముందు నేతి గురిగే వచ్చేది.

అందుకే దవాఖాన నుంచి వచ్చిన వారానికే దాచిపెట్టడం మొదలుపెట్టింది. ఆ నెయ్యి కూడా నేను తెచ్చిందే. దసరాకు ఊరికి పోయి వస్తుంటే మా అవ్వ ఒక పెద్ద మట్టి గురిగినిండా పోసి ఇచ్చింది. పెద్దవ్వ దాన్ని జొన్నల గుమ్మిలో, జొన్నల అడుగున పెట్టింది. మేం జొన్న గట్క తాగినా పెద్దబాపుకు మాత్రం బియ్యం వండేది. కళాయి పోసిన ఇత్తడి గిన్నెలో సగం అన్నం పెట్టి, నడుమ వేళ్లతో గుంట చేసి, అందులో గరిటెడు నెయ్యి పోసి, పైన మళ్లీ అన్నం కప్పి, తడిచేత్తో సమం చేసి, దాని మీద చప్పటి పప్పు పరిచేది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఆ గిన్నెను మధ్యాహ్నం అంగడికి మోసుకుపోయేది నేను.

ఆ రోజు కూడా అట్లాగే చేసింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఏంది పిల్లా, గట్ల సూస్తున్నవు?"

"డాక్టరు వద్దన్నడు గద పెద్దవ్వా."

"డాక్టరు కడుపుల వుట్టిండా మీ పెద్దబాపు? మొఖం సూడు, పిండి లెక్క తెల్లవడ్డది. ఎక్కుడు ఎక్కలేకపోతుండు. ఎక్కలేనోనికి బలం పెట్టాల్నా, ఉన్న బలం తియ్యాల్నా? నీకు సదువు వచ్చు గని లోకం తెల్వది. నడువు, చల్లగైతది."

నేను గిన్నె అందుకున్నాను. ఎవరికైనా ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. రెండు నెలలుగా అట్లాగే మోస్తున్నాను.

దారిలో రోజూ వచ్చే ఆలోచనే ఆ రోజూ వచ్చింది. పెద్దబాపు ఆ అన్నమంతా మాట్లాడకుండా తింటాడు. ఒక్కనాడైనా ఇందులో ఏముందని అడగలేదు. ఏ ఊరి నెయ్యో నాలుకతో చెప్పే మనిషికి తన గిన్నెలోని నెయ్యి తెలియడం లేదంటే, ఆయన నాలుక చచ్చిపోయి ఉండాలి. ఆ సంగతి సేటుకు తెలిస్తే ఏమవుతుంది? నాలుక పోయినవాణ్ణి ఆ అంగట్లో ఎవరు ఉంచుకుంటారు? నెయ్యి ఏం చేస్తుందోనన్న భయం, ఈ భయం నాలో కలిసిపోయి ఉండేవి. ఆయన నాలుక బాగుంటే బాగుండునని, గిన్నెలోని నెయ్యి తెలియకుంటేనే మంచిదని రెండూ అనిపించేవి.

నేను పోయేసరికి అంగడి ముందు చేర్యాల బండి ఆగి ఉంది. భిక్షపతి అనే ఆయన నాలుగు కుండలు దించాడు. ఏడేళ్లుగా సేటుకు నెయ్యి పోసేవాడు. పెద్దబాపు సన్నని ఇనుపచువ్వను కుండ అడుగు దాకా దించి, తిప్పి, బయటికి తీశాడు. చువ్వ కొసకు అంటిన నేతిని ఎడమ ముంజేతి మీద రాసి, రుద్ది, వాసన చూశాడు. తర్వాత నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. బూడిదలో ఉమ్మాడు. నీళ్లు పుక్కిలించాడు. మొదటి కుండకు తల ఊపాడు. రెండోదానికి ఊపాడు. మూడోదాని దగ్గర మళ్లీ చువ్వ దించాడు.

"నెయ్యి సూస్తున్నవా అన్నా, పెండ్లిసూపులు సూస్తున్నవా?" అన్నాడు భిక్షపతి. హమాలీలు నవ్వారు.

"ఈ పిల్ల ఎవలింటిది?" అన్నాడు పెద్దబాపు కళ్లు తెరవకుండానే.

"అన్ని మా ఇంటియే."

"మిగిలినయి మీ ఇంటియే. మీ బర్లు పత్తిగింజలు తింటున్నయి, తెలుస్తుంది. దీంట్ల డబ్బ వనస్పతి కలిసింది."

"నీ నాలుకకు ముసలితనం వచ్చింది రాజనర్సన్నా. డాక్టరు తాన తిరుగుతున్నవట గద. ఉమ్ముడు మొదలైనంక రుచేం తెలుస్తది?"

సేటు గద్దె మీద నుంచి ముందుకు వంగాడు. పెద్దబాపుకు కోపం రాలేదు. ఇంకో రవ్వ నాలుక మీద పెట్టుకుని పైదవడకు ఆనించాడు.

"నెయ్యి కరిగిపోతది భిక్షపతీ. ఇది కరిగినంక గూడ పైన మైనం లెక్క పట్టుకుంటుంది. సూడు, పూస గూడ సరిగ కట్టలే."

"పావుశేరు. గంతే. ఇంట్ల శుభకార్యం ఉండె, నెయ్యి తక్కువైంది," అన్నాడు భిక్షపతి చివరికి.

"అద్దశేరు," అన్నాడు పెద్దబాపు.

భిక్షపతి తల దించుకున్నాడు. తర్వాత తనే నవ్వి, ఆ కుండను బండి మీద పెట్టుకున్నాడు. సేటు తొడ చరిచి, "ఆయన ముందట దాచిపెడితె దాగుతదా?" అన్నాడు.

ఆ మాట నా చేతిలోని గిన్నె గురించే అన్నట్టు తాకింది. నేను పెద్దబాపు వైపు చూశాను. ఆయన నావైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

అంగడి వెనక ఖాళీ గోనెసంచుల మీద కూర్చుని ఆయన చేతులు కడుక్కున్నాడు. నేను గిన్నె ముందు పెట్టి మూత తీశాను. ఆయన పైనున్న పప్పును ఒక పక్కకు జరిపి, అన్నంలో వేళ్లు పెట్టబోయాడు.

"తినకు పెద్దబాపూ," అన్నాను.

"ఎందుకు బిడ్డా?"

"అందుల ఉన్నది."

"తెలుసు."

ఆయన గుంట తెరిచాడు. చలికి నెయ్యి అంచుల్లో అప్పుడే గట్టిపడుతోంది. వేలికొసకు కొంచెం అంటించుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. ఉమ్మలేదు.

"నంగునూరుది. మీ అవ్వ కాచింది. మునగాకు ఏసి దించుతది, జరంత ఎక్కువ ఎర్రగ కానిస్తది. దసరాకు నువ్వే తెచ్చినవు గద. మొదటినాడే తెలిసింది."

"మరెందుకు తింటున్నవు?"

ఆయన గోడకు ఆనుకున్నాడు. వెలుతురులో రెప్పల మీది మచ్చలు ఇంకా పచ్చగా కనిపించాయి.

"డాక్టరు చెప్పింది అబద్ధం గాదు బిడ్డా. ఎక్కుడు ఎక్కుతుంటె నాకు తెలుస్తుంది, లోపట దారి సన్నమైతున్నట్టు. గని అంగట్ల ఉమ్మితె కుండ ఏమనుకోదు. ఇది మీ పెద్దవ్వ చేతిది. ఇద్దరు పిల్లలను బతికించుకోలే. నెయ్యి ఉంటె బతుకుతుండిరి అని ముప్పై ఏండ్ల సంది అనుకుంటుంది. ఇప్పుడు నేను పోయి, నెయ్యి తింటె సస్త అని చెప్పాల్నా? ఆమె చేతిల ఇంకేమున్నది?"

"నేను చెప్త పెద్దవ్వకు."

"ఒద్దు. నేను తెలిసి తింటున్ననని ఆమెకు ఎప్పటికీ తెల్వద్దు. నాకు చెయ్యెయ్యి."

ఆయన చేయి చాపాడు. నా చేయి అందులో పెట్టాను. ఎంత కడిగినా ఆ అరచేయి జారుతూనే ఉంటుంది. ఆ చేయి వదలకుండానే, నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, "మరైతె సగమే తిను," అన్నాను. "ఇయ్యాల సగం. వారమైనంక అండ్ల సగం. పెద్దవ్వకు ఆకలి లేదన్నడని చెప్త."

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "మాట రాని పిల్ల అనుకుంటిమి. సేటు కంటె గట్టి బేరం జేస్తున్నవు."

సగమే తిన్నాడు. గుంటకు ఒక పక్క నుంచి మాత్రమే తిని, మిగతాది కదిలించకుండా మూత పెట్టాడు. చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, వెనక్కి తిరిగి చూడకుండా అంగట్లోకి పోయాడు. తూప్రాన్ నుంచి వచ్చిన బండి కుండలు ఇంకా చూడాల్సి ఉన్నాయి.

నేను వెంటనే ఇంటికి పోలేదు. సగం గిన్నెతో పెద్దవ్వ ముందు నిలబడడం, ఆకలి లేదన్నాడని చెప్పడం తలుచుకుని దారి మార్చాను. కోమటిచెరువు కట్ట మీదికి పోయి కూర్చున్నాను. అన్నాన్ని చేపలకు వేసేద్దామనుకున్నాను. మూత తీసి, చూసి, మళ్లీ పెట్టాను. మా అవ్వ చేతి నెయ్యి, పెద్దవ్వ చేతి అన్నం. నీళ్లలో వెయ్యలేకపోయాను. "ఆకలి లేదన్నడు" అన్న మాటను చాలాసార్లు మెల్లగా అని చూసుకున్నాను. రేపు కొంచెం తక్కువ పొయ్యమని పెద్దవ్వను ఎట్లా అడగాలో కూడా ఆలోచించాను. వేసవి వచ్చేసరికి అంతా మానిపించవచ్చునని లెక్క వేసుకున్నాను. ఎండ పచ్చబడ్డాక లేచాను.

మా గల్లీ మొదట్లో బండి ఆగి ఉంది. సేటు మా ఇంటి ముందు చెప్పులు లేకుండా నిలబడి ఉన్నాడు. ఆయన వీధిలో చెప్పులు లేకుండా నిలబడడం ఎప్పుడూ చూడలేదు. చేతిలో పెద్దబాపు రుమాలు ఉంది, కొసకు ముడి అట్లాగే ఉంది.

"తూప్రాన్ కుండ రుచి సూసిండు," అని సేటు ఎవరికో చెబుతున్నాడు. "కండ్లు మూసుకున్నడు. ఎప్పుడు మూసుకుంటడు గద, గట్లనే. ఉమ్మలే. ఏం చెప్తడో అని మేమందరం సూసుకుంట నిలవడ్డం. చాలాసేపు నిలవడ్డం. కుండ తెచ్చినోడు, మంచిదేనా కాదా అని అడిగిండు. అప్పుడు మెల్లగ సంచుల మీదికి ఒరిగిండు."

ఆ కుండ మంచిదో కాదో ఎవరికీ తెలియలేదు.

లోపలి గదిలో ఆడవాళ్ల ఏడుపు వినిపిస్తోంది. మైమూనాబీ వాకిట్లో మేకపిల్లను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. నేను గడప దగ్గర ఆగిపోయాను. పెద్దవ్వ బయటికి వచ్చింది. ఆమె ఏడవడం లేదు. జుట్టు ముడి వీడిపోయింది. నన్ను కాదు, నా చేతిలోని గిన్నెను చూసింది.

"ఇటియ్యి."

మూత తీసింది. చాలాసేపు చూసింది.

"సగమే తిన్నడా?"

"ఆకలి లేదన్నడు," అన్నాను. చెరువు కట్ట మీద అన్నిసార్లు అనుకున్నా, ఆ మాట నోట్లోంచి అబద్ధంలాగే వచ్చింది.

"ఆయన బువ్వ మిగిలిచ్చిన దినం లేదు. ఎవలు వద్దన్నరు?"

"నేనే, పెద్దవ్వా."

ఆమె ముఖంలో కోపం కనిపించలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. పెదవులు కదిలాయి, లెక్క చూసుకుంటున్నట్టు.

"రెండు నెలలు పెట్టిన. తిన్నన్ని దినాలు ఉన్నడు," అంది మెల్లగా. "తిననియ్యని ఒక్కనాడు పోయిండు."

ఆయనకు మొదటినాడే తెలుసు అన్న మాట నా నాలుక మీదికి వచ్చింది. అది ఒక్కటి చెబితే నా మీది నేరం పోయేది. కానీ ఆ మాట పెద్దవ్వ మీద పడేది. నా అరచేతిలో ఇంకా ఆయన చేతి జిగట ఉన్నట్టే అనిపించింది. నేను నోరు మూసుకున్నాను.

పెద్దవ్వ గిన్నెను బయట అరుగు మీద పెట్టింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది. లోపలి గడియ పడిన చప్పుడు వినిపించింది.

మూత పక్కన పడి ఉన్న ఆ గిన్నెలో ఆయన తీసిన పక్క ఖాళీగా ఉంది. ఆయన తినని పక్క, ఇత్తడి గోడను ఆనుకుని, చలికి నెయ్యి తెల్లగా పేరుకుపోయి ఉంది. దాని మీద ఆయన వేలిముద్ర చెదరలేదు.